నిద్రపోయే కెన్సై, మెలకువగా ఉండే ఫైటర్/మేజ్

బాల్డర్స్ గేట్ 2లో డ్యూయల్ క్లాస్ మీద, అంటే ఒక వృత్తిలో కొంత ఎదిగాక దాన్ని ఆపి ఇంకోదానికి మారే పద్ధతి మీద, నాకున్న కోపం ఇప్పటికీ తీరలేదు. 2000లో వచ్చిన రోల్-ప్లేయింగ్ కంప్యూటర్ ఆట అది. 2013లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ నా ల్యాప్‌టాప్‌లోనూ, టాబ్లెట్‌లోనూ ఏళ్ళుగా ఉంది. కత్తీ మంత్రమూ ఒకే మనిషి చేతిలో ఉండాలన్నది మొదటినుంచీ నా పిచ్చి. కెన్సైని (ఫైటర్లలో ఒక రకం, కవచం వేసుకోని ఖడ్గవీరుడు) మేజ్‌గా, అంటే మంత్రగాడిగా, మార్చి ఒకసారి ఆట పూర్తి చేశాను, రెండు విద్యలూ మొదటినుంచీ కలిసి పెరిగే మల్టీ క్లాస్ అయిన ఎల్ఫ్ ఫైటర్/మేజ్‌తో ఒకటికి మించే చేశాను. ఇది ఆ రెండింటి మీద నా అభిప్రాయం.

ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇస్తారు: కెన్సైని తొమ్మిదో లెవెల్ దాకా పెంచు, మేజ్‌గా మార్చు, ఆపైన నీకు ఎదురుండదు. అబద్ధం కాదు. కానీ ఆ ‘ఆపైన’ వచ్చేదాకా ఎలా బతకాలో చెప్పేవాళ్ళు తక్కువ. తొమ్మిదో లెవెల్ ఫైటర్‌కి 2,50,000 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. మార్చాక పాత క్లాస్ నిద్రపోతుంది, అది మళ్ళీ మేలుకోవాలంటే మేజ్ పదో లెవెల్‌కి చేరాలి, దానికి ఇంకో 2,50,000. అంటే తొలి ఐదు లక్షల్లో సరిగ్గా సగం నిద్రే. కటానా కత్తి పట్టుకోనివ్వదు. కొట్టే దెబ్బ మేజ్ దెబ్బే. మిగిలేవి ఫైటర్‌గా సంపాదించిన హిట్ పాయింట్లు, అంటే దెబ్బలకి తట్టుకునే ప్రాణబలం, మాత్రమే, అవే కాస్త దిక్కు.

ఆ సగంలో ఆట మన కోసం ఆగదు, నా అసలు బాధ అదే. నాలియా పార్టీలో, అంటే మా జట్టులో, ఉంది, వాళ్ళ డిఆర్నిస్ కోట ట్రోల్‌ల చేతిలో ఉంది. ఎప్పుడు వెళ్దాం, ఎప్పుడు వెళ్దాం అని ఆమె పోరు. మరీ ఆలస్యం చేస్తే పార్టీ వదిలి వెళ్ళిపోతుంది. సరే పదమని మేజ్‌గా మారిన కొత్తలోనే కోటకి బయల్దేరాను. వెంట మిన్స్క్, జహీరా, నాలియా. మా హీరోగారి చేతిలో ఒక కర్ర, పుస్తకంలో చిన్నాచితకా మంత్రాలు.

పైఅంతస్తులు ఎలాగో గడిచాయి. ట్రోల్ పడిపోయాక నిప్పో యాసిడో తగలకపోతే మళ్ళీ లేచి కూర్చుంటుంది కదా. మిన్స్క్, జహీరా చావగొట్టి పడేస్తే, వెనక నుంచి వచ్చి ఒక యాసిడ్ యారో వేయడం హీరో ఉద్యోగం. హత్యల దేవుడు భాల్ కొడుకు, రాజ్యాలు వణికించాల్సినవాడు, ట్రోల్‌లకి అంత్యక్రియలు చేస్తూ తిరిగాడు. పోనీ, నవ్వుకోవచ్చు.

కింద నేలమాళిగలో అంబర్ హల్క్‌లు ఉన్నాయి. వాటి చూపు పడితే మతి చలిస్తుంది, ఎవరు ఎవర్ని కొడతారో తెలియదు. ముందు నిలబడ్డ మిన్స్క్ ఆ చూపుకి దొరికాడు. తిరిగి చూస్తే అతని పక్కనే మావాడు. అతను రెండు చేతులా ఎత్తిన కత్తి ఎక్కడ దిగిందో చెప్పనక్కర్లేదు. ఈ ఆటలో జహీరా చచ్చినా, నాలియా చచ్చినా గుడికి తీసుకెళ్ళి బతికించుకోవచ్చు. హీరో చస్తే ఆట అక్కడితో సరి, సేవ్ మళ్ళీ తెరవాల్సిందే. పార్టీలో ఎవరికైనా డ్యూయల్ నిద్ర వస్తే భరించొచ్చు, చావకూడని ఆ ఒక్కడికే వస్తే ఎలా?

పోనీ అతన్ని బయట వదిలి వెళ్దామా అంటే పార్టీ మొత్తం ఒక్కచోట చేరితే గానీ మెట్లు దిగనివ్వదు. కాబట్టి దిగాలి, దిగి మెట్ల దగ్గరే ఓ మూల నిలబడాలి, మిగతా ముగ్గురి పోరాటం దూరంనుంచి చూడాలి. చివరికి కోట వంటింట్లో కుక్కల కోసం వండే కూర తెచ్చి, దాని వాసనతో హల్క్‌లను పక్కకి మళ్ళించి గట్టెక్కాను. ఆ ఉపాయం ఆటలోనే ఉంది, చక్కటి ఉపాయం. కానీ ఖడ్గవీరుణ్ణి ఎంచుకున్నవాడికి కూరగిన్నె మోసే పని అప్పగించడం నాకు నచ్చలేదు.

తెలిసినవాళ్ళు దీనికీ ఒక దారి చూపిస్తారు. ఆటలో కొత్త మంత్రం స్క్రోల్ నుంచి పుస్తకంలోకి రాసుకుంటే ఎక్స్‌పీ వస్తుంది. వాకీన్స్ ప్రామెనేడ్‌లోని అడ్వెంచరర్స్ మార్ట్‌లో డబ్బున్నంత మేరా స్క్రోల్‌లు కొని దాచుకుని, మారిన రోజే కూర్చుని అన్నీ రాసేస్తే చాలా లెవెల్‌లు ఒక్క ఊపులో ఎక్కేయొచ్చు. నేనూ కొంతవరకు చేశాను. పనిచేస్తుంది, కాదనను. కానీ గంటసేపు ఒక ఇన్వెంటరీ తెర ముందు కూర్చుని వీరుడయ్యే పద్ధతి నాకు రుచించలేదు.

మేలుకున్నాక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పదో లెవెల్‌కి చేరిన క్షణం కెన్సై దెబ్బలో అదనపు బలం, కటానాకి పెట్టిన నైపుణ్యపు నక్షత్రాలు, అన్నీ ఒకేసారి తిరిగొచ్చాయి. టెంపుల్ డిస్ట్రిక్ట్‌లోని కాపలా ఇంట్లో గెలుచుకున్న సెలెస్టియల్ ఫ్యూరీ అనే కటానా అప్పటిదాకా సంచిలో బరువుగా ఉండేది, ఇప్పుడు చేతికొచ్చింది. కవచం వేసుకోలేని కెన్సైకి స్టోన్‌స్కిన్, మిర్రర్ ఇమేజ్ లాంటి రక్షణ మంత్రాలు దొరికితే ఇంక కవచమెందుకు? ఆ తర్వాత కొన్నాళ్ళు ఏ యుద్ధమూ యుద్ధంలా అనిపించలేదు. అంత ఊపు మల్టీ క్లాస్‌లో ఎప్పుడూ రాలేదు, ఒప్పుకుంటాను.

అయినా మళ్ళీ మొదలుపెట్టినప్పుడల్లా నా చెయ్యి ఎల్ఫ్ ఫైటర్/మేజ్ మీదికే పోతోంది. దీన్ని రెంటికీ చెడ్డ రేవడి అనేవాళ్ళున్నారు. ఎక్స్‌పీ సగం సగం పంచుకుంటుంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ రెండో ఆటని నేరుగా మొదలుపెడితే 89,000 ఎక్స్‌పీతో వచ్చే ఈ మనిషి ఆరో లెవెల్ ఫైటర్, ఆరో లెవెల్ మేజ్. ఇంకొంచెం దూరంలో, మొత్తం 1,20,000 దగ్గర, ఏడో లెవెల్ మేజ్ అవుతాడు. నాలుగో స్థాయి మంత్రాలు అప్పుడే తెరుచుకుంటాయి. అంటే స్టోన్‌స్కిన్.

ఈ ఒక్క మంత్రం మీద నేనెంత సేపైనా మాట్లాడగలను. ఏడో లెవెల్‌లో మూడే పొరలు, నిజానికి అది తక్కువే. కానీ పడుకుని లేవగానే వేసుకుంటే పన్నెండు గంటలు ఉంటుంది, ఎవరైనా కొడితేనే ఒక్కో పొర ఊడుతుంది. ఈ ఆటలో దెబ్బ తగిలితే నోట్లో మంత్రం నోట్లోనే చెడిపోతుంది. పొర ఉన్నంతసేపు కత్తి దెబ్బ ఒంటికి తగలదు, మంత్రం చెడదు. ముందు వరసలో నిలబడి, మీద కత్తులు పడుతుండగా తాపీగా మంత్రం చదువుకునే సుఖం వెనక వరసలో దాక్కునే మేజ్‌కి తెలియదు. నిప్పు, యాసిడ్ లాంటివి అంటిన ఆయుధాలతో మాత్రం జాగ్రత్త, ఆ అదనపు దెబ్బ పొర దాటుకుని వస్తుంది.

బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్ళకి ఈ రుచి ఎందుకు దొరకదంటే, అక్కడ ఏకాగ్రత నియమం ఉంది. ఆ నియమం కింద ఉన్న రక్షణ మంత్రాల్లో ఒక్కదాన్నే పట్టుకోవాలి, రెండోది వేస్తే మొదటిది పోతుంది. ఇక్కడ స్టోన్‌స్కిన్ మీద మిర్రర్ ఇమేజ్, దాని మీద బ్లర్, ఎన్ని పేర్చినా అడిగేవాడు లేడు. ఫైటర్/మేజ్ బలమంతా ఆ పేర్చడంలోనే ఉంది.

ఇన్నాళ్ళు ఆడాక ఈ పొగడ్త కొంచెం తగ్గించుకోవాల్సొచ్చింది. పేర్చినవన్నీ ఎదుటి మేజ్ ఒక్క రిమూవ్ మ్యాజిక్‌తో ఊడ్చేయగలడు. అది ఊడుతుందా నిలుస్తుందా అన్నది వేసినవాడి లెవెల్‌కీ మన లెవెల్‌కీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. సగం సగం పంచుకున్న మల్టీ క్లాస్ అక్కడ ఎప్పుడూ ఒకటి రెండు మెట్లు కిందే. ఆయుధానికి రెండు నక్షత్రాలకి మించి పెట్టనివ్వదు, మారకముందు కెన్సైకి ఐదు దాకా పెట్టొచ్చు. కవచం వేసుకుంటే మంత్రం రాదు, ఎల్వెన్ చెయిన్ అనే ప్రత్యేక కవచం దొరికితే తప్ప. థ్రోన్ ఆఫ్ భాల్ అనే అదనపు భాగం లేని పాత ఆటలో ఎక్స్‌పీ 29,50,000 దగ్గర ఆగిపోతుంది. అక్కడ మల్టీ క్లాస్ 13/13 (ఫైటర్ 13, మేజ్ 13) దగ్గర నిలబడిపోతుంది, ఏడో స్థాయి మంత్రం ఒక్కటి కూడా చూడదు. అదే దగ్గర తొమ్మిదో లెవెల్ కెన్సై పదిహేడో లెవెల్ మేజ్ అయి ఎనిమిదో స్థాయి మంత్రాలు వేస్తుంటాడు. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో పరిమితి 80 లక్షలు కాబట్టి ఈ తేడా చివరికి అంతగా బాధించదు. 24/20 దాకా వెళ్ళొచ్చు, తొమ్మిదో స్థాయి మంత్రాలూ వస్తాయి. కాకపోతే ఆలస్యంగా వస్తాయి.

ఇంకోటి, ఇది నా టాబ్లెట్ కష్టం. ప్రతి పెద్ద యుద్ధానికి ముందు ఒక్కొక్క రక్షణా వేసుకుంటూ పోవడం మౌస్‌తో హాయి, వేలితో విసుగు. మిర్రర్ ఇమేజ్, బ్లర్ లాంటి చిన్న మంత్రాల్ని మైనర్ సీక్వెన్సర్ అనే మంత్రంలో జత కట్టి దాచుకుంటే కొంత తగ్గుతుంది.

నేను రాత్రి పిల్లలు పడుకున్నాక ముక్కలు ముక్కలుగా ఆడతాను. ఒక ఆట పూర్తవడానికి నెలలు పడుతుంది. డ్యూయల్ నిద్ర ఆటలో చిన్నదే కావచ్చు, నా క్యాలెండర్‌లో మాత్రం చాలా పెద్దది. ఆ సమయమంతా కర్ర పట్టుకుని మూల నిలబడే ఓపిక నాకు లేదు. శని, ఆదివారాలు రెండూ ఆటకిచ్చేయగలిగినవాళ్ళకి, ముఖ్యంగా చివరి ఘట్టాలే ఇష్టమైనవాళ్ళకి, కెన్సైని వద్దనే ధైర్యం నాకు లేదు. పదమూడో లెవెల్ దాకా ఆగి మార్చమనేవాళ్ళ మాట మాత్రం వినకండి. ఫైటర్‌కి 12,50,000, పద్నాలుగో లెవెల్ మేజ్‌కి ఇంకో 15,00,000. పాత ఆటలో అయితే మేలుకునేసరికి రెండు లక్షల ఎక్స్‌పీయే మిగులుతుంది.

మొదటి ఆటనుంచే మొదలుపెట్టేవాళ్ళకి ఒక మధ్యేమార్గం ఉంది. అక్కడి పరిమితి 1,61,000. ఫైటర్‌ని ఏడో లెవెల్ దగ్గర, అంటే 64,000కి మార్చేస్తే, ఎనిమిదో లెవెల్ మేజ్‌కి 90,000 సరిపోతుంది, మొత్తం 1,54,000. నిద్రంతా మొదటి ఆటలోనే అయిపోతుంది, నాలియా పోరు మొదలయ్యేసరికి హీరో మెలకువగా ఉంటాడు. ఏడో లెవెల్ ఫైటర్‌కి రెండు రౌండ్లకి ఒకటి చొప్పున వచ్చే అదనపు దెబ్బ కూడా చేతిలో ఉంటుంది. తొమ్మిదో లెవెల్‌లో మారేవాడితో పోలిస్తే రెండు లెవెల్‌ల హిట్ పాయింట్లు, కెన్సై బలంలో ఒక మెట్టు పోతాయంతే. ఈసారి అలా ఆడదామా అనుకుంటున్నాను గానీ, మొదటి ఆటని మళ్ళీ ఆ మూల నుంచి ఈ మూలకి నడిచే ఓపిక ఉందో లేదో చూడాలి.