సూత్రమా, చార్టా, వానలెక్కా: అనంతపురం తరగతి గదికి ఏది మేలు?

ఉన్నత పాఠశాలలో ఘనపరిమాణం పాఠాన్ని మూడు విధాలుగా చెప్పవచ్చు. నల్లబల్లపై సూత్రం రాసి నాలుగు లెక్కలు చేయించడం మొదటిది. వాననీటి సంరక్షణ అని పేరు పెట్టి, ఇంటి దగ్గర చార్టు చేసుకురమ్మనడం రెండవది. బడి మిద్దె మీద పడే నీటిని పిల్లలచేతనే కొలిపించి, దానికి ఎంత సంపు కావాలో తేల్పించి, ఆ లెక్కను ప్రధానోపాధ్యాయుని ముందు పెట్టించడం మూడవది.

రెండవదాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి కనుక ఆదివారం సాయంత్రం రంగు కాగితాలు, థర్మాకోల్ ఇంటికి వస్తాయి. చేసేది తండ్రో, అక్కో. ఆ దస్తూరీ ఎవరిదో ఉపాధ్యాయునికి తెలుసు, అయినా మార్కులు వేస్తాడు.

అసలు పోటీ మొదటిదానికీ మూడవదానికీ మధ్యనే. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది కనుక, 200 చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 1,10,000 లీటర్లు పడతాయి. ఇంతవరకు సూత్రం చాలు. అయితే అంత సంపు కట్టాలా అన్న ప్రశ్న రాగానే సగటు పనికిరాదు, ఎందుకంటే వాన ఏడాది పొడవునా సమంగా కురవదు, సెప్టెంబరులో ఎక్కువగా పడుతుంది. ఒక్క వానకు 30 మిల్లీమీటర్లు పడితే 6,000 లీటర్లు. అందులో ఐదో వంతు వృథా అయినా 4,800 మిగులుతాయి. చేతులు కడుక్కోవడానికి 300 మంది పిల్లలకు రోజుకు తలా రెండు లీటర్ల చొప్పున ఆ నీరు ఎనిమిది రోజులకు సరిపోతుంది. పుస్తకంలోని స్థూపానికి ఇచ్చిన కొలతలు పిల్లలను ఈ వాదనలోకి దింపలేవు.

కొలతలోనూ చదువుంది. నీళ్ల సీసాను కోసి వర్షమాపకం చేస్తే దాని అడుగు వంపు తిరిగి ఉంటుంది కనుక, ముందుగా ఆ వంపు నిండేంత నీరు పోసి, అక్కడి నుంచే స్కేలు లెక్క మొదలుపెట్టాలి. పక్కలు నిటారుగా ఉంటే వెడల్పు పాత్రలోనూ సన్నపాటి పాత్రలోనూ ఒకే ఎత్తు ఎందుకు వస్తుందన్న సందేహం, సూత్రం కంఠస్థం చేసిన పిల్లవాడికి సాధారణంగా రాదు.

మూడవ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. అది వారాల తరబడి సాగుతుంది. జట్టులో ఇద్దరు చేస్తే మిగిలినవారు చూస్తారు కనుక, చివర ప్రతి ఒక్కరికీ విడివిడిగా లఘు పరీక్ష పెట్టక తప్పదు. పైగా మన జిల్లాలో వానను నమ్ముకొని పాఠ ప్రణాళిక వేయడం వేరుశనగ విత్తడమంత జూదమే. పదును రాకపోతే మండల కార్యాలయంలోని పాత వర్షపాతం లెక్కలతో పని నడపాలి. కారణాంక విభజన వంటి బీజగణిత పాఠాలకు నల్లబల్లే మేలు, అక్కడ ప్రాజెక్టు అతికించినట్లుంటుంది.

కనుక నా అభిప్రాయంలో ఏడాదికి ఇలాంటిది ఒక్కటి చాలు, సూత్రాన్ని మాత్రం పిల్లలకు అవసరమైన రోజునే బల్లపై చెప్పాలి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే సెలవు రోజుల కొలత ఎవరిదో వంతులు వేసుకోవాలి. శనివారం రాత్రి కురిసిన వాన సోమవారం ఉదయానికి కొంత ఆవిరై లెక్కకు చిక్కదు.