కరెంటు వంటింట్లోకి గ్యాస్ వచ్చి ఏడాదిన్నర

2021లో విజయవాడ పాయకాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింట్లోకి గ్యాసే వద్దనుకున్నాం. ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్, ఓవెన్, అన్నీ కరెంటే. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి వచ్చాయి. కింది వాటా మునిగింది, మేం పై అంతస్తులో చిక్కుకున్నాం. రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో బియ్యం, పప్పు అన్నీ ఉండి కూడా మా అత్తయ్యకి ఇంత గంజి కాచి ఇవ్వలేకపోయాను. పక్క మేడ మీది పిన్నిగారు తన గ్యాస్ మీద అన్నం వండి, డాబా గోడ మీదుగా గిన్నె అందించారు. ఆ వేడి గిన్నె చేతిలోకి తీసుకున్నప్పుడే గ్యాస్ పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

మా వీధికి పైపు గ్యాస్ లైన్ లేదు కాబట్టి సిలిండరే. 14.2 కిలోల సిలిండర్‌కి డిపాజిట్ రూ.2,200, రెగ్యులేటర్‌కి రూ.250. రెండు సిలిండర్లు తీసుకున్నాం గనుక రూ.4,650 అయింది. గ్యాస్ ధర, రబ్బరు పైపు, పుస్తకం వేరే. డిపాజిట్ కాగితం భద్రంగా దాచుకోండి, కనెక్షన్ వాపసు చేసిన రోజు అదే కావాలి. ఏజెన్సీలో మాత్రం స్టవ్ కూడా తమ దగ్గరే కొనాలన్నారు. అలాంటి నిబంధన లేదు. ఐఎస్ఐ మార్కున్న స్టవ్ ఎక్కడైనా కొనుక్కోవచ్చు. గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు గానీ ఆ తర్వాత వారం రోజులు తిప్పారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అసలు పని ఇంట్లో పడింది. గ్యాస్ ఆలోచనే లేకుండా చేయించిన వంటిల్లు, సిలిండర్‌కి చోటేదీ? సింకు పక్క అల్మరాలో పెట్టి తలుపు మూసేద్దామన్నాడు కార్పెంటర్. నేను ఒప్పుకోలేదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది. కిటికీ తీసి ఉన్నా అడుగున చేరిన గ్యాస్ త్వరగా పోదు. అందుకే తలుపు అడుగు భాగంలో జాలీ పెట్టించి, బయటి గోడకి నేల దగ్గరే రంధ్రం కొట్టించాం. ఆ పక్కనే ఉన్న ఓవెన్ ప్లగ్ పాయింటును దూరంగా మార్పించాం. ఈ పనులకి కనెక్షన్ కంటే ఎక్కువే ఖర్చయింది. నా మాట వినండి, ముందు వంటింటికి లెక్క వేసుకుని తర్వాతే అప్లై చేయండి.

నాలుగోసారి వచ్చిన సిలిండర్ బిగించాక సన్నగా వాసన వచ్చింది. సబ్బు నురగ రాసి చూస్తే రెగ్యులేటర్ అంచున చిన్న బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది, మళ్లీ ఉబ్బుతోంది. వెంటనే రెగ్యులేటర్ తీసి మూత పెట్టేశాను. లోపలి వాషర్ చిట్లిందట, మార్చి ఇచ్చారు. అప్పటినుంచి డెలివరీ అబ్బాయి ఉండగానే తూకం వేయించి, వాషర్ చూపించమంటాను. సిలిండర్ పై పట్టీ మీద అక్షరం, సంవత్సరం కూడా చూస్తాను. సిలిండర్‌ని మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే మార్చి వరకు, డి అంటే డిసెంబరు వరకు. ఆ గడువు దాటిన సిలిండర్ తీసుకోను.

ఖర్చు సంగతికొస్తే, ముగ్గురికి ఒక సిలిండర్ దాదాపు మూడు నెలలు వస్తోంది. కరెంటు నెలకి 45 యూనిట్ల దాకా తగ్గింది. వేసవిలో ఏసీ వల్ల మా వాడకం 225 యూనిట్లు దాటిపోతుంది. ఆ పైన యూనిట్‌కి రూ.8.75 పడేది, ఆ నెలల్లో తేడా బాగా కనిపించింది. మిగతా నెలల్లో పెద్దగా ఏం మిగల్లేదు. డబ్బు కోసమే అయితే గ్యాస్ పెట్టించుకోమని చెప్పను.

రుచి కోసమైతే చెబుతాను. నిప్పు మీద వంకాయ కాల్చి పచ్చడి చేసి అప్పటికి మూడేళ్లయింది. మొదటి రోజు అదే చేశాను. తొక్క నల్లబడి చిటపటమంటుంటే అత్తయ్య మంచం మీంచి లేచి వచ్చి పక్కన నిలబడ్డారు. అడుగు గుండ్రంగా ఉందని అటక ఎక్కించిన ఇనుప మూకుడు కూడా కిందికి దిగింది. మే నెలలో మాత్రం మంట ముందు నిలబడలేం. అందుకే పాలు, టీ ఇప్పటికీ ఇండక్షన్ మీదే.

రెండో సిలిండర్ ఎప్పుడూ నిండుగానే ఉంచుతున్నాం. ఈ వానాకాలానికి కూడా సిద్ధంగా ఉంది. ఆ సంగతి పిన్నిగారికీ చెప్పాను.