తంజావూరులో ఒక పూర్తి రోజు, గైడుతో

తంజావూరు వెళ్లే మనవాళ్లలో చాలామంది పెద్ద గుడి చూసుకుని, గంటన్నరలో బయటపడి, కుంభకోణం దారి పడతారు. నవగ్రహ యాత్రల ప్యాకేజీల్లో ఈ ఊరికి దక్కేది అంతే. నా మాటగా చెప్పాలంటే, ఈ ఊరికి పొద్దున్నించి రాత్రి దాకా ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి, అదీ మంచి గైడును పెట్టుకుని. ఇక్కడ చోళులు, నాయకులు, మరాఠాలు ఒకరు కట్టినదాని మీద ఇంకొకరు కట్టుకుంటూ పోయారు. ఏది ఎవరిదో విడదీసి చెప్పే మనిషి పక్కన లేకపోతే అన్నీ రాజరాజ చోళుడి ఖాతాలో పడిపోతాయి. 1532 ప్రాంతం నుంచి 1673 దాకా నాయకరాజులు తెలుగును కొలువు భాషగా నిలబెట్టిన కాలం అసలు కంటికే ఆనదు.

మేం నలుగురం. మా ఆవిడ, అత్తగారు, ఇంటర్ చదివే మా అమ్మాయి, నేను. చెన్నై ఎగ్మూరులో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి తంజావూరులో దించుతుంది. డిసెంబరు చివరి వారం కాబట్టి ఎండ బాధ లేదు. హోటల్లో ఒక ప్యాకేజీ చెప్పారు: కారు, డ్రైవరే గైడు, మధ్యలో రెండు షాపింగులు. అది వద్దనుకుని కారును వేరుగా, ప్రభుత్వ గుర్తింపు కార్డున్న గైడును వేరుగా మాట్లాడుకున్నాం. రెండూ కలిపి ప్యాకేజీ కన్నా కాస్త ఎక్కువే అయింది. ఆ ఎక్కువ ఇచ్చినందుకు రోజంతా ఒక్కసారి కూడా బాధ పడలేదు. గైడు గారు అరవై దాటిన మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడతారట, చదవడం మాత్రం రాదు. "సార్, పొద్దున ఆరున్నరకి గుడి దగ్గర ఉండండి, టిఫిను తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆ ఒక్క సలహాతోనే ఆయన మీద గురి కుదిరింది.

ఆ వేళకి పెద్ద గుడి ఆవరణలో పట్టుమని యాభై మంది కూడా లేరు. బృహదీశ్వరాలయం 1010 నాటికి పూర్తయింది. విమానం, అంటే గర్భగుడి మీది గోపురం, ఎత్తు దాదాపు 216 అడుగులు, మొత్తం గ్రానైటు. ఈ గోపురం నీడ నేల మీద పడదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మా గైడు మమ్మల్ని నేరుగా పడమటి వైపుకి తీసుకెళ్లి, ప్రాంగణం మీద పొడుగ్గా పరుచుకున్న నీడ చూపించారు. "ఇదిగో నీడ. ఇంక గోడలు చదువుదాం రండి" అన్నారు. పక్కనే ఇంకో గుంపుకి వాళ్ల గైడు నీడ పడని కథే చెబుతున్నాడు. కష్టపడి అంత దూరం వచ్చినవాళ్లకి కళ్లెదుట ఉన్నదానికి విరుద్ధంగా చెప్పడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఎందుకంటే ఆ అధిష్ఠానం (గుడి అడుగు పీఠం) రాళ్ల మీద చెక్కినది ఏ కట్టుకథ కన్నా గొప్పగా ఉంది. మేమిచ్చినవి, మా అక్క ఇచ్చినవి, మా రాణులు ఇచ్చినవి, ఇతరులు ఇచ్చినవి, అన్నీ రాతి మీద ఎక్కించండని రాజరాజు ఆజ్ఞ. ఆ అక్క కుందవై. రాజరాజు తన ఇరవై అయిదో పాలనా సంవత్సరంలో 275వ రోజున శిఖరానికి బంగారు పూత పూసిన రాగి కలశం ఇచ్చినట్టు రోజుతో సహా ఉంది. గుడి కొలువుకి ఊరూరి నుంచి తెచ్చిన నాలుగు వందల మంది నాట్యకత్తెల పేర్లు, ఏ వీధిలో ఎన్నో ఇల్లు, ఏ గుడి నుంచి వచ్చింది, ఏడాదికి ఎన్ని కలముల (అప్పటి కొలత) ధాన్యం, అంతా అక్కడ రాసి ఉంది. మా అమ్మాయి ఒక్కో పేరూ చదివించుకుంది. వెయ్యేళ్ల నాటి ఆడవాళ్లు పేరుతో, ఇంటి నంబరుతో సహా మిగిలి ఉండటం తనని కదిలించింది. నన్నూ కదిలించింది.

తర్వాత నాయకుల వంతు. అందరూ ఫొటోలు దిగే ఆ పెద్ద నంది రాజరాజుది కాదు, నాయకుల కాలానిది. వాయవ్య మూలన నగిషీ పనితో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడీ వాళ్లదే. అమ్మవారి గుడి పాండ్యుల కాలంలో చేరింది. విమానం ఉత్తరం వైపు పైన టోపీ పెట్టుకున్న ఒక తెల్లదొర బొమ్మ ఉంది. తెల్లవాళ్లు వస్తారని రాజరాజుకి ముందే తెలుసని చెప్పే గైడులు ఉన్నారు. 1620లో తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి డెన్మార్కు వాళ్లకి అనుమతినిచ్చింది రఘునాథ నాయకుడు. ఆ రోజుల మరమ్మతుల్లో ఈ బొమ్మ చేరిందన్న మాటే నాకు నమ్మకంగా తోచింది. గర్భగుడి చుట్టూ ఉన్న ఇరుకు ప్రదక్షిణ దారిలో, నాయకుల నాటి చిత్రాల పొర కింద చోళుల నాటి చిత్రాలున్నాయని 1931లో గోవిందస్వామి అనే ఆచార్యుడు కనిపెట్టాడు. ఆ దారిలోకి యాత్రికులను పోనివ్వరు. ఆవరణలోనే పెట్టిన ఫొటో ప్రతులను చూసి సంతోషపడాలి.

మధ్యాహ్నం గుడి మూసేస్తారు, సాయంత్రం నాలుగుకి తెరుస్తారు. వేసవిలో వెళ్లేవాళ్లు పొద్దున తొమ్మిదిలోపే చూసుకోవాలి. చెప్పుల్లేకుండా ఆ బండల మీద నడవడం పెద్దవాళ్లకి మహా కష్టం.

టిఫిను చేసి రాజభవనానికి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. ఇక్కడ ఒక చిరాకు ఉంది. దర్బారు హాలుకి ఒక టికెట్టు, కళా ప్రదర్శనశాలకి ఇంకోటి, కెమెరాకి వేరే. ఎటు వెళ్లాలో చెప్పే బోర్డులు తక్కువ. గోడల మీద గబ్బిలాల వాసన, పెచ్చులూడిన సున్నం. మరాఠా దర్బారు హాలులో రంగులు కొట్టొచ్చినట్టు ఉంటాయి గానీ పది నిమిషాలు చాలు. మిగిలిన సమయమంతా కంచు విగ్రహాలున్న కళా ప్రదర్శనశాలకి ఇవ్వండి. తిరువెంకాడు నుంచి వచ్చిన వృషభవాహనుడు అక్కడున్నాడు, 1011 నాటి విగ్రహం. నంది మీద మోచేయి ఆనించి నిలబడ్డ శివుడు. నంది పోయింది, ఆనించిన చెయ్యి మాత్రం గాలిలో అలాగే ఉంది. తలపాగా చుట్టినట్టు జటలు, ఒక కాలు కాస్త ఎడంగా, ముఖంలో పెళ్లికొడుకు సిగ్గు. మా అత్తగారు అంతదాకా కుర్చీ ఎక్కడుందా అని వెతుకుతున్నారు. ఈ విగ్రహం ముందుకు వచ్చాక పావుగంట కదల్లేదు. మనిషెత్తు కూడా లేని కంచులో అంత హాయిగా నిలబడటాన్ని పోతపోసిన స్థపతి ఎవరో గానీ, వాడి చేతికి నమస్కారం పెట్టాలి.

సరస్వతీ మహల్ గ్రంథాలయంలో మనకి చూపించేది మ్యూజియం గది ఒక్కటే. తాళపత్రాల భండారం పరిశోధకులకే. నాయకరాజుల నాటి నుంచి కూడుతూ వచ్చిన ఈ సంపదను రెండో శరభోజి (1798-1832) పెంచి పెద్దచేశాడు. సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగు ప్రతులు కూడా వందల్లో ఉన్నాయి. మనుషుల ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చిన ఫ్రెంచి బొమ్మలు చూసి అమ్మాయి నవ్వింది. నా మనసు మాత్రం వేరేచోట ఉంది. చేమకూర వేంకటకవి పద్యం చదివింది ఈ కోటలో. రఘునాథుడు తనూ కవే. కవయిత్రులు రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ ఈ కొలువుల్లోనే కూర్చుని రాశారు. నాయకులు పోయాక మరాఠా రాజు శాహజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు. మరో మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో కవయిత్రి ముద్దుపళని ఉండేది. ఇంత ఉండి కూడా ఆ ప్రాంగణమంతటా తెలుగులో ఒక్క వివరణ ఫలకం నాకు కనపడలేదు. మన రెండు ప్రభుత్వాలలో ఏ సాంస్కృతిక శాఖ అయినా తమిళనాడు వాళ్లను అడిగి నాలుగు ఫలకాలు పెట్టించగలదు. పెట్టించాలి.

శివగంగ తోటలోని ష్వార్ట్జ్ చర్చి 1779లో కట్టింది. లోపల పాలరాతి ఫలకంలో, మరణశయ్య మీద ఉన్న గురువు ష్వార్ట్జ్ చెయ్యి పట్టుకుని యువ శరభోజి కనిపిస్తాడు. తలుపు తీసి ఉంటే అయిదు నిమిషాలు ఆగండి.

అరిటాకు భోజనం అయ్యాక డ్రైవరు ఒక పెద్ద "ఎంపోరియం" ముందు కారు ఆపాడు. తంజావూరు చిత్రాలు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, ధరలు కూడా నోటికొచ్చినట్టు చెప్పారు. గైడు గారే మొహమాటం లేకుండా "ఇక్కడ కాదు సార్" అని లేపి, ఒక సందులో ఉన్న చిత్రకారుల ఇంటికి తీసుకెళ్లారు. వాళ్లు రాజుల కులం వాళ్లు, తరతరాలుగా ఇదే పని చేస్తున్న తెలుగు కుటుంబం. పనస చెక్క పలక మీద బట్ట అంటించి, సుద్ద ముద్దతో ఉబ్బెత్తుగా పని చేసి, రాళ్లు పొదిగి, బంగారు రేకు అద్దడం దాకా వరసగా చూపించారు. అసలు రేకు వేసిన పటమైతే చిన్నదానికి కూడా వేలల్లో ఉంటుంది. ఆ పని చూశాక బేరమాడబుద్ధి కాలేదు. వీణలు చేసేవాళ్ల వీధిలో కూడా కాసేపు ఆగాం. ఒకే పనస మొద్దులోంచి తొలిచే ఏకాండ వీణ తయారవుతూ ఉండగా చూడటం ఇంకెక్కడ దొరుకుతుంది!

తిరువయ్యారు అక్కడికి 13 కిలోమీటర్లు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. నిర్వహణ శుభ్రంగా ఉంది, టికెట్టు లేదు, ఎవరూ డబ్బు అడగలేదు. స్వామి 1847లో సిద్ధి పొందాక పాడుబడిపోయిన ఈ చోటును 1920ల్లో సొంత ఆస్తి ధారపోసి నిలబెట్టింది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజులవి. ఆవిడ ఆడవాళ్లనే కూడగట్టి వేరే ఆరాధన జరిపించింది. పొద్దున మేం తలుచుకున్న ముద్దుపళని కావ్యాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించి, దాని మీద ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఆవిడే. స్వామి సమాధికి ఎదురుగా ఆవిడ సమాధి ఉంది. చాలా గుంపులు అటు తిరిగి చూడకుండానే వెళ్లిపోతున్నాయి. గైడును పెట్టుకుంటే ఈ సంగతి తప్పకుండా చెప్పించుకోండి. పుష్య బహుళ పంచమికి వెళ్లగలిగితే పంచరత్నాలు అందరితో కలిసి వినొచ్చు, కానీ ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం, ముందే చూసుకోవాలి. తిరుగు దారిలో పెసరపప్పుతో చేసే అశోకా హల్వా వేడివేడిగా తినాల్సిందే.

బస గురించి. పాత బస్టాండు, రైల్వే స్టేషను మధ్య దిగితే గుడికి ఆటోలో ఇట్టే వెళ్లొచ్చు. మా హోటల్లో గదులు శుభ్రం, లిఫ్టు ఉంది, ఉదయం అయిదున్నరకే కాఫీ ఇచ్చారు. వేడినీళ్లు మాత్రం ఎనిమిది దాటితే రావు, ఆ మాట ముందు చెప్పలేదు. రోడ్డు వైపు గది ఇస్తే బస్సుల హారన్లకి నిద్ర ఉండదు, వెనక వైపు అడగండి. కొత్త బస్టాండు వైపు చవక గదులున్నాయి గానీ అది ఊరికి దూరం. పెద్దవాళ్లు వెంట ఉంటే అటు వెళ్లొద్దు.

గైడుకి రోజు మొత్తానికి ఇచ్చింది నలుగురం పంచుకుంటే తలా ఒక భోజనం ఖర్చు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. మాట్లాడుకునేటప్పుడే మూడు విషయాలు తేల్చుకోవాలి: కొట్లకి తీసుకెళ్లకూడదు, నాయకుల కట్టడాలు విడిగా చూపించాలి, తిరువయ్యారు కలవాలి. రెండో రోజు ఉన్నవాళ్లు దారాసురం ఐరావతేశ్వరాలయం చూసి, వీలైతే మెలట్టూరు కూడా వెళ్లి రండి. అచ్యుతప్ప నాయకుడి నాటి అగ్రహారం, ఇప్పటికీ ఏటా తెలుగులో భాగవత మేళా నాటకాలు ఆడే ఊరు. ఆటలు వేసవిలో నరసింహ జయంతికి మొదలవుతాయి.