ట్రైలరు బ్రేకులకు 10 గేజి వైరు: కొన్నేళ్ల వాడకం తరువాత

ట్రక్కు వెనుక లాగే మా ట్రావెల్ ట్రైలరు (చక్రాల మీది ఇల్లు) కింద, దాని కరెంటు బ్రేకుల కోసం, తగరం పూత ఉన్న 10 గేజి రాగి వైరును వేసి కొన్నేళ్లయింది (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు). తొడుగు మందం, తట్టుకోగల వేడి వంటి వివరాలు చుట్ట మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే: బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలకూ దాదాపు సమానంగా వోల్టేజి అందుతోంది.

ట్రైలరు తయారీదారు వేసిన వైరు ముందు నుంచి యాక్సిళ్ల (ఇరుసుల) దాకా 14 గేజి, చక్రాల మధ్య 16 గేజి. టెక్సస్ మైదానాల్లో దాని లోపం తెలియలేదు. న్యూ మెక్సికో నుంచి రాటన్ కనుమ దాటి కొలరాడోలోని ట్రినిడాడ్ వైపు దిగేటప్పుడు మాత్రం ట్రైలరు వెనుక నుంచి ట్రక్కును నెడుతూనే ఉంది. ట్రక్కు నుంచి ట్రైలరు బ్రేకులకు కరెంటు పంపే కంట్రోలరులో అంకె గరిష్ఠానికి చేరినా, దాని చేతి మీటను చివరిదాకా నొక్కి పట్టినా బ్రేకు పట్టు దొరకలేదు. గేరు తగ్గించి ఇంజను పట్టుతో కిందికి చేరాము గాని, ట్రక్కు బ్రేకుల మాడు వాసన క్యాబిన్ లోపలికీ వచ్చింది.

ఇంటికి వచ్చాక మా అబ్బాయిని మీట నొక్కి పట్టమని మీటరుతో కొలిచాను. ట్రక్కుకు తగిలించే ప్లగ్గు దగ్గర 12.4 వోల్టులు, ముందు యాక్సిల్ ఎడమ చక్రం దగ్గర 10.6, వెనుక కుడి చక్రం దగ్గర 9.7. తయారీదారుకు రాస్తే, 14 గేజి వైరు 15 ఆంపియర్లు మోస్తుందనీ, నాలుగు బ్రేకులూ తీసుకునేది సుమారు 12 ఆంపియర్లే కనుక అంతా ప్రమాణాలకు లోబడే ఉందనీ జవాబిచ్చారు. నా కోపమంతా ఈ జవాబు మీదే. వైరు కాలిపోతుందని నేను అనలేదు. చక్రాల్లో బ్రేకును పట్టించే అయస్కాంతాలకు చాలినంత వోల్టేజి అందడం లేదన్నాను. ప్లగ్గు నుంచి వెనుక చక్రాలకు వంపులతో సహా వైరు పొడవు 30 అడుగులనుకుంటే, పోనూ రానూ 60 అడుగుల వైరు. 14 గేజికి వెయ్యి అడుగులకు రెండున్నర ఓముల నిరోధం ఉంటుంది కనుక, 12 ఆంపియర్ల వద్ద 1.8 వోల్టులు దారిలోనే పోతాయి. 10 గేజిలో పోయేది 0.7 వోల్టే. ఇంటి కరెంటులో రెండు వోల్టులు తగ్గితే ఎవరికీ పట్టదు, పన్నెండు వోల్టుల్లో అది ఆరో వంతు.

కొత్త వైరును యాక్సిళ్ల మధ్య ఒక పెట్టె దాకా తెచ్చి, అక్కడి నుంచి ప్రతి చక్రానికీ విడిగా 12 గేజి వైరు లాగాను. బ్రేకులకు కరెంటు తెచ్చే నీలం వైరు ఎంత లావో, తిరుగుదారి తెల్ల వైరూ అంతే లావు. ఇప్పుడు ముందు చక్రం దగ్గర 11.5, వెనుక 11.4. కంట్రోలరులో బ్రేకు బలాన్ని నిర్ణయించే గెయిన్‌ను 10 నుంచి 7కు తగ్గించవలసి వచ్చింది.

అయితే అదే సమయంలో బ్రేకు షూలను కూడా సరిచేయించాను కనుక, మిత్రులకు నేను చెప్పినంత ఘనత అంతా వైరుకే దక్కదు. ఈ వైరు మొండిది. ప్లగ్గు లోపలి స్క్రూల కింద ఇమడడానికి సతాయిస్తుంది. అయస్కాంతం నుంచి వచ్చే తీగలు ఎలాగూ సన్నవే కనుక బలహీనత అక్కడి అతుకులకు మారింది. వేడి చేస్తే బిగుసుకునే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగకపోతే పచ్చగా చిలుము పడుతుంది.

కొనేటప్పుడు ఒక పోగును కత్తితో గీకి చూడడం మంచిది. పైన తెల్లగా, లోపల ఎర్రగా ఉంటే తగరం పూత పూసిన రాగి. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే రాగి పూత పూసిన అల్యూమినియం, దానికి నిరోధం ఎక్కువ.

మాది 28 అడుగుల రెండు యాక్సిళ్ల బండి, ఏటా కొండదారులు తప్పవు. ఒకే యాక్సిల్ ఉన్న చిన్న ట్రైలరుకు రెండు బ్రేకులే, సుమారు ఆరు ఆంపియర్లే. 12 గేజి చాలు, రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే అలవాటు లేని ప్రాంతమైతే తగరం పూతకు అదనంగా డబ్బు పెట్టమని నేను గట్టిగా చెప్పలేను.