ఉప్పునీటి అక్వేరియంలో పాచి: ఇంట్లో చేసుకున్న ఆల్గే స్క్రబ్బర్‌పై సమీక్ష

నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంట్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియానికి అయిదేళ్లకు పైగా ఆల్గే స్క్రబ్బర్ వాడుతున్నాను. అద్దాల మీద, రాళ్ల మీద పెరిగే పాచిని ఇది చంపదు. చేపల మేత, వ్యర్థాల నుంచి వచ్చి ఆ పాచికి అందవలసిన నైట్రేటును, ఫాస్ఫేటును వేరేచోట మరో నాచు చేత ముందుగానే తినిపించి, ఆ నాచును మనం ఎప్పటికప్పుడు గీరి పారేసే ఏర్పాటు మాత్రమే ఇది. పెట్టిన ఖర్చుకూ జరిగిన మేలుకూ పొంతన చూస్తే, ఈ ట్యాంకు కోసం కొన్న సామగ్రి అంతటిలోకీ దీనికే మొదటి స్థానం ఇస్తాను. అయితే మన ఎండలకు, మన కరెంటు కోతలకు దీనితో కొన్ని చిక్కులున్నాయి.

ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద పెట్టిన సంపు (నీరు వడకట్టి తిరిగి పైకి పంపే తొట్టి)తో కలిపి నీళ్లు రమారమి 250 లీటర్లు. ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని డామ్సెల్ చేపలు, రాళ్ల మీది పాచిని గీక్కుతినే ఒక బ్లెన్నీ చేప, కొన్ని నత్తలు ఉన్నాయి. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు కాబట్టి సముద్రం నుంచి తీసిన రాయి జోలికి పోకుండా, అక్వేరియాల కోసం తయారుచేసే సిరామిక్ రాయినీ, అడుగున సున్నపు గుణమున్న గుల్ల ఇసుకనూ వాడాను. ఇలాంటి కొత్త రాయి మీద మొదటి నెలల్లో డయాటమ్ అనే సూక్ష్మ నాచు గోధుమరంగు పూత, ఆ వెనుక ఆకుపచ్చ వెంట్రుక పాచి రావడం మామూలే. అది రావడం సమస్య కాదు, పోకపోవడమే సమస్య.

పోకపోవడానికి మా ఊళ్లో మొదటి కారణం పైనుంచి పోసే నీళ్లు. నీరు వేడెక్కకుండా మూత తీసి ఫ్యాను పెడితే మే నెలలో రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు మిగతా లవణాలతో సహా ట్యాంకులోనే ఉండిపోతుంది. కనుక తిరిగి పోసేది మంచినీరే అయి ఉండాలి, అందులో ఏమీ కరిగి ఉండకూడదు. వాటర్ ప్లాంటు క్యాను నీళ్లలో రుచి కోసం బోరు నీటిని కొంత కలుపుతారు. ఇళ్లలోని ఆర్వో యంత్రాల్లో చాలావాటికి ఇదే పని చేసే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మర ఉంటుంది. టీడీఎస్ పెన్ను ముంచితే 60 నుంచి 90 దాకా చూపించే ఆ నీరు తాగడానికి బాగుంటుంది కానీ, వేసవి మూడు నెలల్లో ట్యాంకు నీటికి ఒకటిన్నర రెట్లు పోయవలసి వచ్చినప్పుడు అందులోని సిలికేటు, ఫాస్ఫేటు పేరుకుపోతూ ఉంటాయి. డయాటమ్ పూతకు ఆధారమైన ఆ సిలికేటును స్క్రబ్బర్ తీసేయజాలదు. అందువల్ల ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించి, పెన్ను సున్నా చూపించే నీటినే పోస్తున్నాను. ఈ పని చేయకుండా స్క్రబ్బర్ పెట్టుకోవడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

దీని సూత్రం పాతదే. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ, పగడపు దిబ్బల మీద పెరిగే పొట్టి నాచును పరిశీలించి ఈ పద్ధతిని రూపొందించారు. 1982లో పేటెంటు కూడా పొందారు. ఆయన పరికరంలో నీరు కెరటాల్లా విడతలు విడతలుగా పడేది. ఇళ్లలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది జలపాతం తరహా. నేను పీవీసీ పైపుకు 15 సెంటీమీటర్ల పొడవున మూడు మిల్లీమీటర్ల గాడి కోయించి, అందులో ఊలు కుట్టుపనికి వాడే ప్లాస్టిక్ జాలీని దూర్చి సంపు పైన వేలాడదీశాను. జాలీ నున్నగా ఉంటే నాచుకు పట్టు దొరకదు. రంపపు పళ్లతో రెండువైపులా అడ్డదిడ్డంగా గీకి, చేత్తో తడిమితే చర్మం గీసుకుపోయేంత గరుకుగా చేయాలి. గాడి సెంటీమీటరు పొడవుకు గంటకు సుమారు 50 లీటర్ల నీరు పడాలన్నది అందరూ పాటించే లెక్క. నా జాలీకి 750 లీటర్లు చాలు, కానీ పంపు పెట్టె మీద రాసిన సామర్థ్యం పైకి ఎక్కించే ఎత్తుకు తగ్గిపోతుంది కాబట్టి 1200 లీటర్ల పంపు పెట్టాను. జాలీకి రెండువైపులా 660 నానోమీటర్ల ఎర్ర ఎల్ఈడీ దీపాలున్నాయి. రోజుకు 14 గంటలు వెలుగుతాయి. జాలీ ఎంత ఉండాలన్నది ట్యాంకు లీటర్లను బట్టి కాక, వేసే మేతను బట్టి తేల్చుకోవాలి. గడ్డకట్టించిన మేత ముక్క (క్యూబ్) రోజుకు ఒకటి వేస్తే సుమారు 75 చదరపు సెంటీమీటర్ల జాలీ కావాలి. నాది అందుకు రెట్టింపు.

మొదటి వారాల్లో జాలీ మీద గోధుమరంగు జిగురు తప్ప ఏమీ కనిపించదు, ఆ దశలో చాలామంది నిరాశపడి విప్పేస్తారు. ఆ జిగురును నీటి ధారతో కడిగి మళ్లీ తగిలిస్తూ పోతే దాని అడుగు నుంచి ఆకుపచ్చ పోగులు మొదలవుతాయి. నాచు కుదురుకున్నాక పది రోజులకొకసారి జాలీని ఊడదీసి, వాష్‌బేసిన్‌లో మంచినీటి కుళాయి కింద పెట్టి, పాత ఏటీఎం కార్డుతో పై నుంచి కిందికి గీరుతాను. మొత్తం గీకకుండా పలుచని పచ్చని పొర వదలాలి. మంచినీరు తగిలితే నాచు తినే చిన్న చిన్న పురుగులు చస్తాయి, నాచు మాత్రం తట్టుకుంటుంది. చేతిలోకి వచ్చే ముద్దను పిండితే గుప్పెడు ఉంటుంది. ఇల్లంతా కాసేపు రేవు వాసన వస్తుందని ఇంట్లోవారు గొణుక్కుంటారు, అది న్యాయమే. గీరడం ఆలస్యమైతే పై నాచు నీడన కింది నాచు కుళ్లి, ముద్దలు ముద్దలుగా ఊడి సంపులో పడుతుంది. పీల్చుకున్నదంతా అప్పుడు తిరిగి నీటిలోకే వస్తుంది.

ఫలితం త్వరగా కనిపించదు. గుల్ల ఇసుక అంతకుముందు పీల్చి పట్టుకున్న ఫాస్ఫేటును నెలల తరబడి తిరిగి వదులుతూ ఉంటుంది. పైగా ట్యాంకు నిండా పాచి ఉన్నప్పుడు పరీక్ష చేస్తే ఫాస్ఫేటు సున్నా వస్తుంది, ఎందుకంటే ఉన్నదంతా ఆ పాచి కడుపులోనే ఉంటుంది. అంకెను చూసి మురిసిపోకుండా రాళ్లను చూడాలి. నా దగ్గరున్న హన్నా కంపెనీ మీటరు ఫాస్ఫరస్‌ను వందకోట్లలో భాగాలుగా చూపిస్తుంది, దాన్ని 3.066తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే పీపీఎం (పది లక్షల్లో భాగాలు)లో ఫాస్ఫేటు వస్తుంది. అంటే 20 చూపిస్తే 0.06. నేను ఫాస్ఫేటును 0.03కూ 0.1కూ మధ్య, నైట్రేటును 5 నుంచి 10 పీపీఎం లోపు నిలుపుతున్నాను. రెంటినీ సున్నాకు దించాలన్న పంతం పనికిరాదు. అలా దించిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు బుడగలతో కూడిన గోధుమరంగు చీమిడిలా అల్లుకుని, నత్తలను చంపుతాయి. వెంట్రుక పాచే నయం అనిపిస్తాయి. జాలీ మీద నాచు పసుపు రంగుకు తిరిగి రబ్బరులా సాగుతుంటే నీటిలో పోషకం చాలడం లేదనో, వెలుగు ఎక్కువైందనో అర్థం. అప్పుడు దీపాల వేళ తగ్గిస్తాను.

ఇక చిక్కులు. కరెంటు పోయి పంపు ఆగితే వేసవి మధ్యాహ్నం జాలీ గంటా రెండు గంటల్లో ఎండుతుంది, నాచు చస్తుంది. పంపును ఇన్వర్టరుకు కలపడం తప్పనిసరి. దీపాలు ఆగినా నష్టం లేదు. పలుచని పొరగా జారే నీరు చల్లబడుతుంది, మే నెలలో అది మేలే, కానీ ఆ మేరకు ఆవిరి కూడా పెరుగుతుంది, అంటే డీఐ నీటి ఖర్చు పెరుగుతుంది. చిమ్మిన తుంపర ఎండి చుట్టుపక్కల తెల్లటి ఉప్పు పెచ్చులు కడుతుంది. కరెంటు ప్లగ్గులను దూరంగా, పైన పెట్టుకోవాలి. వెలుగు తగిలిన గాడిలోకి నాచు ఎక్కి నీటి ధారను చీల్చేస్తుంది కాబట్టి పైపుకు నల్ల ప్లాస్టిక్ తొడుగు వేశాను. నీరు కాస్త పసుపు తిరుగుతుంది. కొంచెం యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే తేటపడుతుంది.

రొయ్యల చెరువుల పుణ్యమా అని మన జిల్లాలో ఉప్పుశాతం చూసే రిఫ్రాక్టోమీటరు మొదలుకొని ఏరేటరు దాకా ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. సలహాలు కూడా అంతే సులువుగా దొరుకుతాయి. "రవ్వంత మైలుతుత్తం యెయ్యన్నా, రెండ్రోజుల్లో పాచంతా పోతాది" అని ఒక ఆక్వా షాపులో చెప్పారు. పాచి పోయే మాట నిజమే, దానితో నత్తలు, రొయ్యలు కూడా పోతాయి. మైలుతుత్తంలోని రాగి సున్నపు ఇసుకలో చిక్కుకుని ఆ తర్వాత కూడా వాటిని బతకనీయదు. ఫాస్ఫేటును లాగే ఐరన్ ఆక్సైడ్ గుళికలు బాగా పనిచేస్తాయి, కానీ మార్చినప్పుడల్లా డబ్బు, ఒక్కసారిగా ఫాస్ఫేటు పడిపోయే ప్రమాదం. మైపాడు పాతిక కిలోమీటర్లుండగా ఉప్పు ప్యాకెట్లు కొనడమేమిటని అడిగేవారూ ఉన్నారు. ఒడ్డు నీటిలో, ముఖ్యంగా కాలువలు కలిసే చోట, చెరువులు వదిలిన నత్రజని, ఫాస్ఫరస్ ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకూ పెన్నకు వచ్చే వరదకూ ఉప్పుశాతం కూడా నిలకడగా ఉండదు. రొయ్య పిల్లల హేచరీల్లో క్లోరిన్‌తో శుద్ధిచేసిన నీరు తెచ్చుకునేవారు ఆ క్లోరిన్ పోయిందని పరీక్షించుకుని పోయాలి. నేను ప్యాకెట్ ఉప్పునే డీఐ నీటిలో కలిపి 35 పీపీటీ (వెయ్యిలో భాగాలు) ఉప్పుశాతం దగ్గర ఉంచుతున్నాను.

స్క్రబ్బర్ చేయలేని పనులు మూడున్నాయి. పచ్చని గోళీల్లాంటి బబుల్ పాచి తక్కువ పోషకంతోనూ బతుకుతుంది. రాయిని బయటకు తీసి, గోళీ పగలకుండా పీకేయడమే దారి. ఈకలా కనిపించే బ్రయాప్సిస్ పాచికి చాలామంది ఫ్లూకొనజోల్ అనే శిలీంధ్రనాశక మందు వాడతారు, ఆ మందు పడితే జాలీ మీది నాచు కూడా దెబ్బతినవచ్చు. ఎర్రటి జిగురు పొరలా పరుచుకునే సయనోబ్యాక్టీరియా నీటి కదలిక తగ్గిన మూలల్లో వస్తుంది. మా ట్యాంకులో అది ఎడమవైపు రాళ్ల వెనుక వచ్చేది. గొట్టంతో పీల్చేసి, నీటిని కదిలించే వేవ్‌మేకరును అటు తిప్పి పెట్టాక మళ్లీ పరుచుకోలేదు.