టోరీ ఏమైపోయినట్టు? సేవ్డ్ బై ద బెల్ మీద నా పాత కక్ష

సేవ్డ్ బై ద బెల్ అనే అమెరికన్ హైస్కూల్ కామెడీ సీరియల్‌లో జాక్ మోరిస్ ఎవరు, బేసైడ్ హైస్కూల్ ఎక్కడుంది, ఆ ఇటుకంత సెల్‌ఫోన్ ఏంటి అని మొదలుపెట్టను. చూసినవాళ్లకి తెలుసు, చూడనివాళ్లకి రెండు ఎపిసోడ్లలో తెలిసిపోతుంది. ఈ సీరియల్ అంటే నాకు ఎంత ఇష్టమో, అందులో టోరీ అనే పాత్ర విషయంలో అంత మంట. ఇన్నేళ్లయినా చల్లారలేదు.

మేం అమెరికా వచ్చిన కొత్తలో, తొంభైల్లో, నేనూ తమ్ముడూ చూసినవన్నీ రీరన్లే, అంటే పాత ఎపిసోడ్ల పునఃప్రసారాలే. 1989లో ఎన్‌బీసీలో శనివారం పొద్దుటి పిల్లల సీరియల్‌గా మొదలైందన్న సంగతి చాలా కాలం తర్వాత తెలిసింది. మాకది స్కూల్ నుంచి రాగానే, పుస్తకాల సంచీ విసిరేసి చూసే సీరియల్. మా ఊరి ఛానెల్ వాళ్లు ఏ వరసలో వేస్తే అదే కథ. నిన్న కెల్లీ తన బాయ్‌ఫ్రెండ్, సీరియల్ హీరో జాక్‌ని కాదని, పిల్లలంతా చేరే మ్యాక్స్ అనే హోటల్లో మేనేజర్ జెఫ్ వైపు వెళ్లిపోతుంది, మేం దిగులుపడిపోతాం, ఇవాళ చూస్తే జాక్, కెల్లీ ఏమీ ఎరగనట్టు చెట్టాపట్టాలేసుకుని తిరుగుతుంటారు. ఉన్నట్టుండి ఒకరోజు అందరూ మాలిబు బీచ్ క్లబ్‌లో ఉద్యోగాలు చేస్తుంటారు. కొన్నిసార్లు ఊరే మారిపోయేది! ఇండియానాపొలిస్ అట, మిస్ బ్లిస్ అనే టీచరట, కానీ జాక్, అతని స్నేహితులు స్క్రీచ్, లీసా, ప్రిన్సిపల్ బెల్డింగ్ మాత్రం అక్కడా ఉంటారు. అది డిస్నీ ఛానెల్లో 1988-89లో వచ్చి ఆగిపోయిన వేరే సీరియల్. దాని 13 ఎపిసోడ్లను సిండికేషన్‌లో, అంటే ఊరూరి ఛానెళ్లకి రీరన్లు అమ్మేటప్పుడు, ఇందులోకి కలిపేసి, ఇవి మా జూనియర్ హై రోజులు అన్నట్టు జాక్ చేత ముందో ముక్క చెప్పించారు. సరే, అదైనా చెప్పించారు. టోరీకి ఆ భాగ్యం కూడా లేదు.

టోరీ స్కాట్ అంటే తోలు జాకెట్ వేసుకుని మోటార్‌సైకిల్ మీద వచ్చే అమ్మాయి. వచ్చీ రాగానే జాక్ పార్కింగ్ చోటు కొట్టేస్తుంది, అతని వేషాలకి పడిపోదు, ఎదురు తిరుగుతుంది. నాకు తెగ నచ్చేసింది. ఆమె ఉన్న రోజు కెల్లీ, ఆమె స్నేహితురాలు జెస్సీ ఉండరు, వాళ్లున్న రోజు ఈమె ఉండదు. ఒక్కరంటే ఒక్కరు కూడా కెల్లీ ఏదిరా అని అడగరు! తర్వాత గ్రాడ్యుయేషన్ ఎపిసోడ్ వేశారు. జాక్‌కి పాసవ్వడానికి ఒక క్రెడిట్ తక్కువై, దానికోసం బాలే డ్యాన్స్ చెయ్యాల్సి వస్తుంది, అదంతా సరదాగానే ఉంది, చివర్న టోపీలూ గౌన్లూ వేసుకుని అందరూ వచ్చారు. టోరీ రాలేదు. ఆ పేరెత్తినవాళ్లూ లేరు.

టోరీ వెళ్లిపోయే ఎపిసోడ్ ఒకటి ఉండే ఉంటుంది, మనమే చూడలేదు అని తమ్ముడి పట్టుదల. దాని కోసం వీసీఆర్‌లో టేపు పెట్టి రోజూ రికార్డు చేసేవాడు. ఆ టేపు మీదే అమ్మ ఎవరిదో పెళ్లి క్యాసెట్ కాపీ చేయించింది, అది వేరే గొడవ. మా గోల భరించలేక నాన్న ఒకరోజు "ఆ పిల్ల టీసీ తీసుకుని వెళ్లిపోయి ఉంటుంది లేరా" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ సీరియల్ రాసినవాళ్లకి ఆ పాటి ఐడియా కూడా రాలేదు.

అసలు సంగతేంటంటే, గ్రాడ్యుయేషన్ షూటింగ్ ముందే అయిపోయింది. ఎన్‌బీసీ ఇంకొన్ని ఎపిసోడ్లు కావాలంది. కెల్లీగా వేసిన టిఫనీ-అంబర్ థీసెన్, జెస్సీగా వేసిన ఎలిజబెత్ బర్క్‌లీ ఇక చాలన్నారు. వాళ్ల స్థానంలో లియానా క్రీల్‌ను టోరీగా తెచ్చి పది ఎపిసోడ్లు తీశారు. ముందే తీసిన గ్రాడ్యుయేషన్ 1993 మేలో ప్రసారమైంది, అందులో ఆమె ఎలా ఉంటుంది? కారణం తెలిశాక కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. ఆ పదింటిలో ఏదో ఒకదాంట్లో, లాకర్ల దగ్గర నిలబెట్టి, మా నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయింది అని ఒక్క డైలాగ్ చెప్పించడానికి ఏం ఖర్చయ్యేది?

పిల్లలతో కలిసి నిశ్చింతగా చూడొచ్చని నేను చాలామందికి చెప్పాను. ఇప్పటికీ చాలావరకు అంతే. కానీ ఆరో తరగతి చదివే మా అమ్మాయితో మళ్లీ చూస్తుంటే, జాక్ చాటుగా అమ్మాయిల స్విమ్‌సూట్ ఫొటోలు తీసి క్యాలెండర్ వేసి అమ్మే ఎపిసోడ్ దగ్గర రిమోట్ వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పట్లో నాకది చిలిపితనంగానే కనిపించింది. జెస్సీ జామెట్రీ టెన్షన్‌తో కెఫీన్ మాత్రలు మింగి ఏడ్చే ఎపిసోడ్‌కి మాత్రం మా అమ్మాయి నవ్వేసింది, కాఫీకే ఇంత ఏడుపా అని. రాసింది స్పీడ్ అనే మత్తుమందు గురించి, ఛానెల్ సెన్సార్ ఒప్పుకోక కెఫీన్‌గా మారింది అని చెప్పాక కాస్త ఊరుకుంది.

మరి చూడమంటానా? తొంభైల్లో ఇక్కడ స్కూల్లో చదువుకున్నవాళ్లయితే అడగక్కర్లేదు, ఎలాగూ చూస్తారు. ఇండియాలో పెరిగి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆ నవ్వుల ట్రాక్, ముద్దు సీన్ రాగానే వచ్చే ఊఊఊ అనే కేకలు రెండో రోజుకే విసుగు పుట్టించొచ్చు, నాకది చిన్ననాటి అలవాటు. చూస్తే మాత్రం మొదటి రెండు సీజన్లు చూసి, టోరీవి విడిగా ఒకచోట పెట్టుకుని, గ్రాడ్యుయేషన్‌కి ముందు వరసగా చూసెయ్యండి. మా ఇంట్లో అలాగే చూశాం, కొంత నయం. మిస్ బ్లిస్ ఎపిసోడ్లు మీ ఇష్టం. అవొస్తే మా అమ్మాయి లేచి వెళ్లిపోతుంది, నేనొక్కదాన్నే చూసుకుంటాను.