పదిహేను వేలకు తారు రోడ్డు, పన్నెండు వందలకు కొండదారి

ఒక్కో బండికి 7,500 రూపాయల చొప్పున రెండు బళ్ళకు 15,000 ముందుగానే చెల్లించి, టైర్లలో గాలి తగ్గించుకుని, ఫోర్ వీల్ డ్రైవ్ లీవరు వేసుకుని మారేడుమిల్లి అడవుల్లో మేము ఎక్కిన మొదటి ‘రహస్య దారి’ మీద తారు ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. పని వివరాలు రాసిన బోర్డు పక్కనే ఉంది, దాని రంగు కూడా వెలవలేదు. మా బావమరిది బండి దిగి ఆ బోర్డును మొదటి నుంచి చివరి దాకా చదివి, ఏమీ అనకుండా మళ్ళీ బండెక్కి తలుపు వేసుకున్నాడు. ఎనిమిది నెలల క్రితం అప్పు చేసి థార్ కొన్న మనిషి అతను. ఆ లీవరును అప్పటి వరకు అపార్ట్‌మెంటు ర్యాంపు మీద తప్ప ఎక్కడా వాడలేదు. నాది రెండేళ్ళ నాటి జిమ్నీ. మా ఆవిడ వస్తానన్నది ఒకే షరతు మీద: మర్నాడు కార్తీక సోమవారం కాబట్టి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి.

విజయవాడ నుంచి మారేడుమిల్లి దాకా సుమారు 245 కిలోమీటర్ల ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. గోకవరంలో ట్యాంకులు నింపుకున్నాము, రంపచోడవరం దాటాక ఏసీలు ఆపి కిటికీలు దించుకున్నాము, అంతే.

బస గురించి మాత్రం చెప్పాలి. కార్తీక మాసంలో శని, ఆదివారాలు వనభోజనాల జనంతో ఆ ఊరు కిక్కిరిసి ఉంటుందని తెలిసీ నేను గది ముందుగా మాట్లాడుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. అయినా గోడ మీద 1,800 అని రాసి ఉన్న గదికి 3,800 అడిగి, ఎందుకని ప్రశ్నిస్తే “అది మామూలు రోజుల రేటండి” అని, ఆ గోడ మీది అంకెను చేత్తో కప్పి మరీ చెప్పిన మేనేజరును ఇప్పట్లో మరచిపోలేను. రెండు గదులకు 7,600 కట్టాము. వేడినీళ్ళు తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు వరకేనన్నారు. ఐదుంబావుకు అడిగితే గీజరు పాడైందన్నారు. దుప్పట్లు ఎవరో కప్పుకుని మడిచిపెట్టినవి. రాత్రంతా కింద జెనరేటరు మోగింది, అది ఆగాక పక్క గదిలో అంత్యాక్షరి మొదలైంది. మా ఆవిడ తెచ్చుకున్న చీర పరుచుకుని పడుకుంది. ఊళ్ళో దిగదలచినవారు బుధ, గురువారాల్లో వెళ్ళడం మంచిది; అలా కుదరనివారు రంపచోడవరంలోనో రాజమహేంద్రవరంలోనో పడుకుని తెల్లవారుజామున బయలుదేరడం అంతకన్నా మంచిది.

ఇక ఆ 15,000 కథ. ఆఫ్ రోడ్ యాత్రలు నడిపే ఒక బృందం వీడియోలు చూసి మా బావమరిది ముచ్చటపడ్డాడు. అటవీ అనుమతి, దారి చూపే మనిషి, బురదలో దిగబడితే లాగడానికి తాడు, కొక్కేలు, టైర్లకు గాలి నింపే కంప్రెసరు, మధ్యాహ్నం భోజనం, అన్నీ ఆ డబ్బులోనే అన్నారు. ఉదయం ఆరున్నరకు రావలసిన మార్గదర్శి తొమ్మిదీ నలభైకి ఒక మోటారు సైకిలు మీద వచ్చాడు. అతని దగ్గర తాడు లేదు, కంప్రెసరు లేదు, భోజనం మాట అతనికి ఎవరూ చెప్పలేదు. వస్తూనే, మామూలుగా 30 ఉండే టైర్ల గాలిని 18కి దించమన్నాడు. రాళ్ళలో, బురదలో టైరు నేలను ఎక్కువ మేర పట్టుకోవాలంటే గాలి తగ్గించాలన్నది నిజమే, కానీ అది ఆ దారి మొదట్లో చేయవలసిన పని. మేము మెత్తబడిన టైర్లతో తొమ్మిది కిలోమీటర్లు తారు మీద పోయి, చివరకు చేరింది కూడా తారుకే. మేము చూసిన వీడియో ఆ రోడ్డు పడకముందుదని అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్ళవాళ్ళకు రోడ్డు పడినందుకు నాకు సంతోషమే. అంబులెన్సు రాగల దారి ముందు మా సరదా ఏపాటిది? కోపమల్లా ఆ సంగతి కనుక్కోకుండా డబ్బు పుచ్చుకున్నవాళ్ళ మీదే.

మేము ముఖాలు మాడ్చుకోవడం చూసి అతను “ఇంకో దారి ఉంది, ఎవరికీ తెలియదు” అంటూ అడవిలోకి మళ్ళించాడు. అర కిలోమీటరు లోపల గొలుసు కట్టిన గేటు, పక్కనే అటవీ సిబ్బంది ఇద్దరు. అనుమతి పత్రం అడిగితే మా మార్గదర్శి ఫోనులో ఒక ఉత్తరం ఫొటో చూపించాడు. అందులో తేదీ పాతది, బళ్ళ నంబర్లు వేరు. వాళ్ళలో పెద్దాయన దాన్ని చదివి, ఫోను అతనికి తిరిగిచ్చి, మాతో మర్యాదగానే అన్నాడు: “గేటు దాటలేదు కాబట్టి వెనక్కి తిప్పుకోండి. దాటి ఉంటే కేసు రాయవలసి వచ్చేది.” ఈలోగా మార్గదర్శి సిగ్నలు చూసుకొస్తానని మోటారు సైకిలు తిప్పుకుని వెళ్ళాడు. మేము మళ్ళీ అతన్ని చూడలేదు.

ఆ పెద్దాయన చెప్పిన మాటలు ఇటువైపు వచ్చే ప్రతి ఫోర్ వీల్ డ్రైవ్ బండివారికీ పనికొస్తాయి. శాటిలైటు చిత్రంలో అడవి మధ్య సన్నగా కనబడే మట్టిగీతల్లో చాలా భాగం పూర్వం కలప, వెదురు కొట్టి తరలించడానికి వేసిన కూపు రోడ్లట. అవి రిజర్వు అడవి లోపల ఉంటాయి; 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ బండి తిప్పడం నేరం. ఇదే కొండల వరుసలో 2008లో ప్రకటించిన పాపికొండలు జాతీయ ఉద్యానం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. దాని హద్దుల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. ఊరికీ ఊరికీ మధ్య జనం రోజూ తిరిగే మట్టిరోడ్ల సంగతి వేరు, వాటిని ఎవరూ కాదనరు. “గీత చివర ఊరుందో లేదో చూడండి సార్, ఊరు లేకపోతే ఆ గీత మీది కాదు” అన్నాడాయన.

నిజానికి ఈ పని నేను ఇంట్లోనే చేయగలిగేవాణ్ణి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటాలు ఉచితంగానే దొరుకుతాయి. రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. వాటిలో ఊళ్ళ పేర్లు, వాగులు, ఎత్తును తెలిపే గీతలు, రిజర్వు అడవి హద్దులు అన్నీ ఉంటాయి. ఎత్తుగీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నచోట దారి వాటికి అడ్డంగా కోసుకుపోతే అది నిట్రపు ఎక్కుడు, వాటి వెంబడే సాగితే కొండ చుట్టూ తిరిగే దారి. ఆ పటాన్నీ శాటిలైటు చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే, గీత చివర ఇళ్ళ కప్పులు, పోడు మళ్ళు కనబడుతున్నాయా లేదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. అయితే పటం పాతది కావచ్చు, శాటిలైటు చిత్రం వేసవిలో తీసినది కావచ్చు. నిన్న కురిసిన వానకు ఏ వాగు పొంగిందో ఆ రెండూ చెప్పవు.

అది చెప్పగలిగిన మనిషి ఊళ్ళో టీకొట్టు ముందు దొరికాడు. వారపు సంతకు కొండ ఊళ్ళ నుంచి జనాన్ని, బుట్టలను, కోళ్ళను కలిపి చేరవేసే సర్వీసు జీపు డ్రైవరాయన. ఆ రోజు సంత కాదు కాబట్టి ఖాళీగా ఉన్నాడు. మా టైర్ల వంక చూసి నవ్వి, ఎవరి చేతిలో మోసపోయామో పేరుతో సహా చెప్పాడు. పోయి రావడానికి 1,200 రూపాయలు, మధ్యాహ్నం భోజనం, ఇదీ ఆయన అడిగినది. నా పక్క సీట్లో కూర్చున్నాడు. మా ఆవిడ వెనక్కి మారింది.

ఆ దారి పొడవు 11 కిలోమీటర్లు. పోవడానికి రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. మొదటి మూడు కిలోమీటర్లు ఎర్రమట్టి, ఆ పైన గుండ్రాళ్ళు, మధ్యలో మూడు చోట్ల వాగు దాటాలి. ప్రతి వాగు దగ్గరా ఆయన దిగి, పంచె ఎగగట్టి, ముందు తను నడిచి చూసి, నీళ్ళు మోకాలు దాటనిచోటు చూపించాడు. దిగుడులో నా కాలు బ్రేకు మీదికి పోయినప్పుడల్లా “వద్దండి, జారుద్ది” అనేవాడు. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, బలంగా తిప్పే ‘ఫోర్-లో’ గేరుకు మార్చి, మొదటి గేరులో వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుందని పుస్తకంలో చదివాను గాని, కుడిపక్క లోయ కనబడుతున్నప్పుడు బ్రేకు మీంచి కాలు తీయడానికి ఆయన మాట కావలసి వచ్చింది. ఒకచోట దారి రెండు పాయలైతే, నున్నగా కనబడే పాయ వదిలి రాళ్ళ పాయలోకి వెళ్ళమన్నాడు. “పశువులు ఎటు నడిచాయో చూడండి, గట్టి నేల వాటికి తెలుసు.” నిజంగానే నున్నటి పాయలో ఒక్క గిట్ట గుర్తు లేదు.

వెనక వస్తున్న మా బావమరిది ఈ మాట వినలేదు, వినే దూరంలోనూ లేడు. నున్నటి పాయలోకి దూసుకుపోయి, ఇరవై అడుగుల్లోనే ఇరుసు దాకా దిగబడ్డాడు. దిగబడ్డాక చేయకూడని పని ఒకటే, ఆక్సిలరేటరు తొక్కడం. అతను చేసిన పనీ ఒకటే. చక్రాలు గోతులు తవ్వుకున్నాయి. నా తాడు కట్టి లాగాము. 1,200 కిలోల జిమ్నీ తనకన్నా ఐదారు వందల కిలోలు ఎక్కువ తూగే థార్‌ను బురదలోంచి లాగబోతే, కదిలింది జిమ్నీయే, అదీ పక్కకు. “బావా, దీన్ని ఇక్కడే వదిలేసి పోదాం” అన్నాడతను, దాదాపు ఏడుపు గొంతుతో. డ్రైవరు ఎటో కేకేస్తే పైనున్న ఊరి నుంచి ఏడుగురు కొండరెడ్ల కుర్రాళ్ళు దిగివచ్చారు. ఇద్దరు ఎండు దుంగ ఒకటి తెచ్చి చట్రం కింద మీట వేశారు, మిగిలినవాళ్ళు ఎత్తిన చక్రం కింద రాళ్ళు పేర్చారు. నాలుగు చక్రాలకూ అలాగే చేసి, గంట తరువాత బండిని వెనక్కి తీశారు. తలుపు కింద జానెడు గీత పడింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు, సీతాఫలాలు కొంటారా అని అడిగారు. రెండు గంపలు 400కి కొన్నాము. అంత తియ్యటి సీతాఫలం నేను విజయవాడలో ఏ ధరకూ తినలేదు.

ఆ ఊరి పేరు కావాలనే రాయడం లేదు. వారానికొక బండి వస్తే వాళ్ళకు పళ్ళు అమ్ముడవుతాయి. ఇరవై బళ్ళు వస్తే ఆ మూడు వాగుల దగ్గరా దారి మిగలదు, సంతకు వెళ్ళే జీపు ఆగిపోతుంది. కావలసినవారు టీకొట్టు దగ్గర అడగవచ్చు.

తిరిగి కిందికి వచ్చేసరికి నాలుగైంది. రోడ్డు పక్క బొంగు చికెన్ అమ్మే చోట ఆగాము. మా బావమరిది, డ్రైవరు కిలో చికెన్ చెప్పుకున్నారు, 600 రూపాయలు. కార్తీకం కాబట్టి మా ఆవిడ, నేను మాంసం ముట్టము. అరటిపండ్లతో సరిపెట్టుకుందామని కూర్చున్నాము. ఆ కొట్టామె మా వంక చూసి, “మాల ఏమైనా వేసుకున్నారా?” అని అడిగి, కాదనగానే వేరే పొయ్యి రాజేసి, కొత్తగా కొట్టిన పచ్చి వెదురు బొంగులో నానబెట్టిన బియ్యం, చిక్కుడు గింజలు, పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద పెట్టింది. చుక్క నూనె లేదు. ముప్పావు గంట తిప్పుతూ కాల్చి, నిలువునా చీల్చి, విస్తరిలో బోర్లించింది. అన్నం బొంగు ఆకారంలోనే నిలబడింది. పచ్చి వెదురు వాసన మెతుకు మెతుక్కీ పట్టింది. రాత్రి నుంచి ముభావంగా ఉన్న మా ఆవిడ రెండో బొంగు చెప్పింది. రెండింటికీ కలిపి 240 తీసుకుంది. గది అద్దె గురించి నా సణుగుడు కూడా అక్కడితో ఆగింది.

ఖర్చు లెక్క చూస్తే నా బండికి పెట్రోలు 4,600 అయింది. పెద్ద రోడ్డు మీద లీటరుకు 14 ఇచ్చే బండి కొండదారిలో ఏడు కూడా ఇవ్వలేదు. సిగరెట్టు సాకెట్టుకు తగిలించే చిన్న కంప్రెసరు నా దగ్గర ఉంది. 2,500కి కొన్నదే గాని, ఎనిమిది టైర్లను 18 నుంచి 30కి తేవడానికి నలభై నిమిషాలు తీసుకున్నా, ఆ పూట మమ్మల్ని ఇంటికి చేర్చింది అదే. దాన్నీ, గట్టి తాడునూ, ఒక పారనూ సొంతంగా పెట్టుకోండి, ఎవరు తెస్తామన్నా నమ్మవద్దు. రెండు బళ్ళు లేనిదే ఇటువంటి దారి ఎక్కవద్దు. వాటిలో ఒకటి బరువైనదైతే ఇంకా మేలు. కార్తీకంలో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు తరువాత కొండ ఎక్కడం మొదలుపెట్టవద్దు.

రాత్రి పదకొండూ నలభైకి ఇల్లు చేరాము. సోమవారం దీపాలకు మా ఆవిడ లేచింది, నేను లేవలేదు.

ఆ యాత్రల బృందానికి పదకొండు సార్లు ఫోను చేస్తే, 15,000లో 4,000 వెనక్కి వచ్చాయి. మిగతాది ‘అనుమతి రుసుము’ అట. పన్నెండోసారి వాళ్ళే పలకరించారు. వచ్చే నెల కొత్త రహస్య దారికి యాత్ర, పాత కస్టమర్లకు పది శాతం తగ్గింపు అంటూ ప్రకటన పంపారు. అందులో బురదలో ఇరుసు దాకా దిగబడిన ఎర్ర థార్ ఒకటి, దాని వెనక తాడు పట్టుకుని నోరు తెరిచి నిలబడిన నేను. మా బావమరిది తన స్టేటస్‌లో పెట్టుకున్న ఫొటో అది.